వెనక సీటు జ్ఞాపకం, రెండో బ్యారెల్: ఒక కాంటెస్సా కేసు

నల్గొండలో పాతికేళ్లకు పైగా కార్ల రిపేరు చేస్తున్నాను. పాత పెట్రోలు బండ్లు, ముఖ్యంగా కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే భాగం) ఉన్న బండ్లు, ఇప్పటికీ నా దగ్గరికే పంపిస్తారు. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఒకటే. మొదటి రోజే యజమాని నాకు ఫాల్ట్ ఏంటో చెప్పేశాడు. నేనే దాన్ని జాబ్‌కార్డు (బండి కంప్లైంటు రాసుకునే కాగితం) మీద రాయలేదు. అందువల్ల మూడు వారాలు పోయాయి, ఆ మనిషి మనసు కూడా కష్టపెట్టాను.

ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, బండి నంబరు, రంగు చెప్పడం లేదు. నాకంటే రెండు మూడేళ్లు చిన్న. నన్ను ‘అన్నా’ అంటాడు, నేను ‘సార్’ అంటాను. ఇక్కడ కూడా సార్ అనే రాస్తాను.

బండి, ఇల్లు

బండి హిందుస్థాన్ కాంటెస్సా, 1.8 పెట్రోలు. 1991లో సార్ వాళ్ల నాన్న కొత్తది కొన్నారు. ఆయనది మోటార్లతో పని ఉన్న వ్యాపారం. అంతకుమించి చెప్పను, కానీ ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ తరం మెకానిక్‌లకు ఈ బండి గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1970ల్లో ఇంగ్లండులో వచ్చిన వాక్స్‌హాల్ విక్టర్ వంశం దీనిది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో, అంబాసిడర్ తయారైన ఫ్యాక్టరీలోనే 1984 నుంచి 2002 దాకా తయారైంది. మొదట్లో దీనికి అంబాసిడర్ 1489 సీసీ ఇంజనే పెట్టారు. సుమారు 50 హార్స్ పవర్‌తో అంత పెద్ద ఒళ్లు లాగలేక ఆయాసపడేది. తర్వాత జపాన్ వాళ్ల ఇసుజు 1.8 ఇంజను, దానితో ఐదు గేర్ల బాక్సు వచ్చాయి. పవర్ 85 చుట్టుపక్కలకు పోయింది. అప్పుడు ఆ పొడుగాటి బానెట్‌కు, ముందు నాలుగు గుండ్రటి లైట్లకు తగిన గుండె దొరికినట్టయింది. అదే ఇంజనును 1990ల్లో అంబాసిడర్ 1800లో కూడా వేశారు. ఈ సంగతి కూడా తర్వాత పనికొస్తుంది.

నేనూ ఆ బండిని ఇష్టపడ్డవాడినే. పదహారేళ్ల వయసులో షెడ్డులో హెల్పర్‌గా ఉన్నప్పుడు, హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దగ్గర చాయ్ కోసం ఆగిన ఒక నల్ల కాంటెస్సా చూశాను. చుట్టూ అంబాసిడర్లు, ఫియట్లు, మారుతి 800లు. వాటి మధ్య అది పులిలా ఉంది. డ్రైవర్ వచ్చి స్టార్ట్ చేసి, తారు రోడ్డెక్కి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం కొంచెం కిందికి కూర్చుని ముక్కు పైకి లేచింది. వెనక చక్రాలు నెట్టే బండి అట్లా లేస్తుంది. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆ ఇష్టం కూడా ఈ కేసులో భాగమే, ఎట్లాగో ముందుకు చెప్తాను.

సార్ వాళ్ల నాన్న పోయాక బండి పదకొండేళ్లు రేకుల షెడ్డులో ఉండిపోయింది. అమ్మమని చాలామంది అడిగారు. సార్ అమ్మలేదు. నా దగ్గరికి రాకముందే రెండు చోట్ల చూపించారు. ఒకచోట ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెడదామన్నారు. ఇంకోచోట అంతా బాగానే ఉంది, బండికి వయసైంది అన్నారు.

కంప్లైంట్

సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. ఐడిల్ నిలకడగా ఉంది. మిస్సింగ్ లేదు, పొగ లేదు, వేడెక్కడం లేదు. అరవై, డెబ్బై దాకా మర్యాదగా పోతుంది. ఆ పైన ఎంత తొక్కినా చప్పుడు పెరుగుతుంది తప్ప బండి ముందుకు రాదు. తొంభై దాటాలంటే చదును రోడ్డు మీద కూడా గగనం. ఎత్తు వస్తే మూడో గేరు.

జాబ్‌కార్డు మీద నేను రాసింది: ‘పికప్ తక్కువ. చెక్ చేయాలి.’

సార్ చెప్పింది ఇది: ‘అన్నా, అప్పట్ల నాన్న కాలు ఇంకొంచెం నొక్కితే, ఎనక నుంచి ఎవరో చెయ్యి పెట్టి నూకినట్టు ఉండేది. బండి గొంతే మారేది. అది లేదిప్పుడు. నాకు అది గావాలె.’

నేను తల ఊపాను. పాత బండ్ల యజమానులు అందరూ ఇట్లాగే అంటారు అనుకున్నాను. నిజంగా చాలామంది అంటారు కూడా. ఆ మాటను కంప్లైంటుగా కాకుండా ముచ్చటగా విన్నాను. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే, మిగతా తప్పులన్నీ దాని వెనకే వచ్చాయి.

మొదటి రెండు వారాలు

పదకొండేళ్లు కదలని బండి కాబట్టి, నిలబడి ఉండటం వల్ల పాడైనవే వెతకాలని నిర్ణయించుకున్నాను. తప్పు ఆలోచనేం కాదు. అయితే దాన్ని అనుమానించడం మానేశాను, అది తప్పు.

ముందు ఇంజను విప్పాలా వద్దా తేల్చుకోవాలి. నిజం చెప్పాలంటే నాకు విప్పాలనే ఉంది. అట్లాంటి ఇంజను మీద చెయ్యి వేసే అవకాశం ఈ రోజుల్లో ఎన్నిసార్లు వస్తుంది? ఆ కోరిక ఉన్నదని నాకు తెలుసు కాబట్టే ముందు సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టాను. ఇంజను వేడి మీద, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి చూస్తే 150, 145, 150, 148 పీఎస్‌ఐ వచ్చాయి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఐదే. ఇంత బాగున్న ఇంజనును విప్పడం అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆపరేషన్ చేసినట్టు. విప్పలేదు. సార్‌కు కనీసం డెబ్బై, ఎనభై వేలు మిగిలాయి. ఈ కేసులో నేను సరిగ్గా తీసుకున్న నిర్ణయాల్లో ఇది ఒకటి.

తర్వాత బ్రేకులు. వేగం పెంచే పని మొదలుపెట్టే ముందు ఆపే పని పూర్తి చేయాలి. రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్ కిట్లు, టైర్లు అన్నీ మార్చాను. వెనక ఎడమ డ్రమ్ము జామై ఉంది, జాకీ ఎత్తి చేత్తో తిప్పితే చక్రం అర చుట్టు కూడా తిరగడం లేదు. ఇదే ఫాల్ట్ అయి ఉంటుందని సంబరపడ్డాను. బాగు చేశాక షెడ్డు గచ్చు మీద ఒక్క చేత్తో నెడితే బండి కదిలింది.

కొలత లేకుండా ‘బాగైంది, కాలేదు’ అనుకోవడం నాకు నచ్చదు. పానగల్ దాటాక నార్కట్‌పల్లి రోడ్డులో చదునైన ఒక ముక్క ఉంది. తెల్లవారుజామున ఆరు లోపు వెళ్తే ఖాళీగా ఉంటుంది. అక్కడ మూడో గేరులో 60 నుంచి 90 రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో పక్కన కూర్చున్న పిల్లగాడు ఫోనులో చూసేవాడు. స్పీడోమీటర్ నిజం చెప్పినా చెప్పకపోయినా అదే మీటరు, అదే రోడ్డు కాబట్టి పోల్చుకోవడానికి సరిపోతుంది. బ్రేకులు చేశాక మొదటి కొలత 19 సెకన్లు.

ఇగ్నిషన్ చూశాను. సీబీ పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు, వైర్లు కొత్తవి వేశాను. టైమింగ్ లైట్ పెట్టి రేస్ చేస్తే గుర్తు కదలాల్సినంత కదలడం లేదు. డిస్ట్రిబ్యూటర్ లోపల, వేగం పెరిగేకొద్దీ నిప్పురవ్వను ముందుకు జరిపే అడ్వాన్స్ వెయిట్లు తుప్పుతో బిగుసుకున్నాయి. విప్పి, కడిగి, నూనె వేసి, స్ప్రింగులు సరిచేశాను. ఇప్పుడు 16 సెకన్లు. మూడు సెకన్లు తగ్గాయి, కానీ ‘నూకడం’ రాలేదు.

పెట్రోలు దారి చూశాను. ట్యాంకు దించి తుప్పు కడిగించాను, గొట్టాలన్నీ మార్చాను. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరును అది లోపలి నుంచి మెత్తబరుస్తుంది. ఇంజను బానే ఉన్నా సరే, ఇంత పాత బండి ఏది వచ్చినా గొట్టాలు మార్చకుండా పంపకండి. పంపు సరిగ్గానే పోస్తోంది. కొలత మళ్లీ 16.

కార్బురేటర్ విప్పి కడిగాను. ఇది రెండు బ్యారెళ్లది, అంటే ఇంజనులోకి గాలి పోయే దారులు రెండు. చిన్నది రోజువారీ నడకకు. పెద్దది ఇంజను ఎక్కువ గాలి అడిగినప్పుడు మాత్రమే తెరుచుకోవాలి. ఈ బండి మీదున్న కార్బురేటర్‌లో ఆ రెండో బటర్‌ఫ్లై (గాలి దారిని మూసే రేకు) వ్యాక్యూమ్‌తో, అంటే ఇంజను గాలి పీల్చే బలంతో, డయాఫ్రమ్ అనే పల్చటి పొర లాగితే తెరుచుకునే రకం. పెడల్‌కు నేరుగా సంబంధం లేదు. షెడ్డులో నిలబెట్టి రేస్ చేస్తే ఇంజను మీద బరువు ఉండదు కాబట్టి రెండోది కదలదు. కదలకపోవడం చూసి ‘కదలకూడదు కదా’ అనుకున్నాను. మొదటి బ్యారెల్ జెట్లన్నీ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు) గాలి కొట్టి శుభ్రం చేశాను. రెండో వైపు స్ప్రే కొట్టి వదిలేశాను. 16 సెకన్లు 16 సెకన్లే.

నేను చేసిన పెద్ద పొరపాటు

మూడో వారం సార్‌ను పిలిచి కూర్చోబెట్టి, కాగితం మీద లెక్క వేసి చూపించాను. ‘సార్, మీ బండి సుమారు 1200 కిలోలు, పవర్ 85. మీ బాబు నడిపే చిన్న కారు వెయ్యి కిలోల లోపు, పవర్ దాదాపు అంతే. 1991లో మీరు అంబాసిడర్‌తో, మారుతి 800తో పోల్చుకున్నారు. ఇప్పుడు మీ బాబు కారుతో పోల్చుకుంటున్నారు. అందుకే అట్లా అనిపిస్తుంది. బండి మారలేదు సార్, మన అలవాటు మారింది.’

ఆ లెక్కలో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అదే దాని ప్రమాదం. కారణం దొరకనప్పుడు ఒక సరైన లెక్క చేతికి దొరికితే, దాన్నే కారణంగా అమ్మేయాలనిపిస్తుంది.

సార్ వాదించలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ‘సరే అన్నా, బిల్లు చెప్పు’ అన్నాడు. బండి రేపు తీసుకెళ్తా అని ఆటోలో వెళ్లిపోయాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో అడిగితే ఆకలి లేదన్నాను. పదహారేళ్లప్పుడు నార్కట్‌పల్లిలో ముక్కు పైకి లేచిన కాంటెస్సాను నేను నా కళ్లతో చూశాను కదా. నా షెడ్డులో ఉన్న బండి ముక్కు ఒక్కసారి కూడా లేవలేదు. సార్ జ్ఞాపకం తప్పైతే, నాది కూడా తప్పేనా?

ముచ్చట మళ్లీ విన్న రోజు

పొద్దున సార్ వచ్చేసరికి రెండు కుర్చీలు వేసి, చాయ్ తెప్పించాను. ‘సార్, బిల్లు తర్వాత. ఆ నూకడం గురించి మొదటి నుంచి చెప్పండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు నడుపుతుంటే.’ ఈసారి నోటుబుక్ తెరిచాను.

1992 కృష్ణా పుష్కరాలకు వాడపల్లి పోయినప్పటి సంగతి చెప్పాడు. మిర్యాలగూడ దాటాక ముందు లారీ, వెనక లారీ. తాను, చెల్లె వెనక సీట్లో. ఇద్దరూ ముందుకు వంగి, ‘నాన్నా, సింహం! నాన్నా, సింహం!’ అని అరిచేవాళ్లు. నాన్న అద్దంలో చూసి నవ్వి, గేరు దించి తొక్కేవాడు. ‘బూ’ అని పోయే బండి ఒక్కసారి గొంతు మార్చి ‘గ్ర్‌ర్’ అనేది. ఇద్దరూ వెనక్కి సీటులో పడేవాళ్లు. అమ్మ కోప్పడేది. వాడపల్లిలో స్నానం సంగతి సార్‌కు అసలు గుర్తు లేదు, ఆ సింహం గుర్తుంది.

నేను మెకానిక్‌ను, ఆ గొంతు మారడం అంటే ఏంటో నాకు తెలుసు. రెండో బ్యారెల్ తెరుచుకుంటే ఎయిర్ క్లీనర్ నుంచి వచ్చే శబ్దం అది. ముచ్చట అని నేను పక్కన పెట్టిన మాటలో ఫాల్ట్ పేరే ఉంది.

అప్పుడే ఇంకో ప్రశ్న తట్టింది. ‘సార్, మీరు స్టీరింగ్ మీద ఉన్నప్పుడు ఎప్పుడైనా అట్లా నూకిందా?’

చాలాసేపు ఆలోచించాడు. ‘లేదన్నా. నేను నేర్చుకున్నది తొంభై ఎనిమిదిల. నేను నడిపితే ఎన్నడూ రాలె. నాకు నాన్న లెక్క నడపరాదు అనుకున్న.’

‘నాన్నగారు నడిపినప్పుడు చివరిసారి ఎప్పుడు విన్నారు?’

సార్ అక్కడి నుంచే చెల్లెకు ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టాడు. ముందు మనం ఏమీ చెప్పవద్దు, ఆమెనే చెప్పనీయండి అన్నాను. ఒకరి జ్ఞాపకం ఇంకొకరికి అంటుకోకుండా విడివిడిగా వినాలి. ఆమె అడగకముందే సింహం సంగతి ఎత్తింది. ‘నేను పదోతరగతిల ఉన్నప్పుడే బంద్ జేసిండు కదా. అడిగితే, బండికి వయసైంది బిడ్డా అన్నడు. మనం పెద్దగైనం, ఇంక అట్ల అడగొద్దేమో అనుకున్న నేను.’ లెక్క వేస్తే 1996, 97.

కేసు మొత్తం తిరగబడింది. నేను పదకొండేళ్ల నిలవలో పాడైనదాన్ని వెతుకుతున్నాను. ఈ ఫాల్ట్ అంతకంటే చాలా ముందుది. బండి ఐదారేళ్లది, రోజూ తిరుగుతున్న కాలంలో, ఒక ఏడాదిలో మొదలైంది. తుప్పు అట్లా తారీఖు పెట్టుకుని రాదు. మనిషి చెయ్యి పడితేనే అట్లా వస్తుంది.

తీగ

కార్బురేటర్ మళ్లీ దించాను. ఈసారి బల్ల మీద తిరగేసి, టార్చి వేసి, రెండో బ్యారెల్ బయటి లీవరును వేలితో తిప్పి చూశాను. కదల్లేదు. బిగుసుకోవడం వేరు, కట్టేసి ఉండటం వేరు, వేలికి తెలుస్తుంది. బిగుసుకున్నది గీరుకుంటుంది, కట్టేసింది కొంచెం వచ్చి టక్కున ఆగుతుంది. ఇది ఆగింది. నల్లటి జిడ్డు కింద, లీవరుకూ పక్కనున్న స్క్రూకూ మధ్య ఒక తీగ.

మైలేజ్ కోసం రెండో బ్యారెల్ కట్టేయడం ఒకప్పుడు మామూలే. లీటరుకు ఒకటి, ఒకటిన్నర కిలోమీటరు మిగులుతుందని చేసేవాళ్లు. కాబట్టి ఏ షెడ్డులోనో చేశారనుకున్నాను. కట్టర్ తీసుకున్నాను కూడా. జిడ్డు తుడిచాక ఆగిపోయాను.

మెకానిక్ కడితే చేతికి దొరికిన ఇనుప బైండింగ్ వైరుతో రెండు చుట్లు తిప్పి మెలిపెడతాడు. ఇది రాగి తీగ. ఎనామిల్ పూత ఉన్న, మోటార్ వైండింగ్‌లో వాడే తీగ. లీవరు గీరుకుపోకుండా దాని మీదికి పసుపుపచ్చ స్లీవ్ ఎక్కించి ఉంది, అది కూడా వైండింగ్ పనిలో వాడేదే. మెలిక మూడు చుట్లు, సమంగా ఉన్నాయి. కొస వెనక్కి మడిచి ఉంది, పట్టుకారతో పట్టి ఒక్కసారి లాగితే విడిపోయేట్టు. మళ్లీ విప్పాలనుకున్నవాడు కట్టిన కట్టు అది.

కత్తిరించకుండా సార్‌కు ఫోన్ చేశాను. పనివాడి దృష్టిలో అదొక ఫాల్ట్, తీసి పారేసేదే. కానీ అది ఎవరి చెయ్యో నాకు సగం అర్థమైంది. దాన్ని తీసే హక్కు నాది కాదనిపించింది.

సార్ వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, వంగి చూశాడు. ‘మూడు చుట్లు’ అన్నాడు. కాసేపాగి, ‘నాన్న మెలిక ఎప్పుడూ మూడు చుట్లే’ అన్నాడు. ఆ రెండేళ్లు వ్యాపారం ఎట్లా కూలిపోయిందో, అప్పులు ఎట్లా తీర్చారో చెప్పాడు. ఇంట్లో పిల్లలకు అప్పట్లో ఏమీ తెలియనీయలేదట. ఫీజులు ఆగలేదు, పండక్కి బట్టలు ఆగలేదు. బండి కూడా అమ్మలేదు. సింహాన్ని ఒక్కదాన్నే కట్టేశారు. కట్టేసి, బండికి వయసైందని చెప్పారు.

సార్ తన చేత్తోనే పట్టుకారతో కొస లాగాడు. తేలిగ్గా విడిపోయింది.

విప్పితే సరిపోలేదు

ఇది ఇక్కడితో అయిపోయిందని రాస్తే వినడానికి బాగుంటుంది, కానీ కాలేదు. తీగ తీసి రోడ్డు మీదికి వెళ్తే 16 సెకన్లే. ఇరవై ఏడేళ్లు పని లేకుండా ఉన్న డయాఫ్రమ్ ఎండి అట్టముక్క అయింది, అంచున చిన్న చిరుగు. వ్యాక్యూమ్ అక్కడే కారిపోతోంది.

కొత్తది దొరకలేదు. హైదరాబాద్ రాణీగంజ్‌లో ఒక పూట తిరిగాను. రబ్బరు షీటు తెచ్చి నేనే కత్తిరించి చూశాను. షీటు మందమెక్కువ కావడంతో చాలా ఆలస్యంగా తెరుచుకుని, ఒక్కసారిగా కుదుపు ఇచ్చింది. ఆ కుదుపు పక్కనున్నవాళ్లకు బలంగా అనిపిస్తుంది, యజమాని సంతోషపడతాడు కూడా. కానీ తడి రోడ్డు మీద మలుపులో వెనక చక్రాలకు అట్లాంటి కుదుపు వస్తే బండి తిరిగిపోతుంది. తీసేశాను.

అప్పుడు అంబాసిడర్ 1800 గుర్తొచ్చింది. ఇంజను ఒకటే. సూర్యాపేటలో తెలిసిన మేస్త్రీ దగ్గర మూలన పడి ఉన్న ఒక అంబాసిడర్ కార్బురేటర్ ఇదే రకం. దాని డయాఫ్రమ్ మెత్తగా, బాగుంది. డబ్బులు ఇస్తే తీసుకోలేదు, ‘సింహం అరిస్తే ఫోన్‌లో వినిపించు’ అన్నాడు.

అది వేశాక రెండోది తెరుచుకుంది, కానీ తెరుచుకున్న క్షణంలో బండి ఒక గుటక వేసినట్టు ఆగి అప్పుడు లాగుతోంది. ఆ వేగంలోనే ఇంజను ఆఫ్ చేసి, పక్కకు ఆపి ప్లగ్గులు తీసి చూస్తే తెల్లగా ఉన్నాయి. గాలి వస్తోంది, పెట్రోలు చాలడం లేదు. రెండో వైపు మెయిన్ జెట్‌లో ఎండిపోయిన పెట్రోలు జిగురు గట్టిపడి ఉంది. మొదటిసారి స్ప్రే కొట్టి వదిలేసింది ఇదే. ద్రావకంలో రాత్రంతా నానబెట్టి, సన్నటి నైలాన్ దారంతో శుభ్రం చేశాను. జెట్‌లోకి ఇనుప తీగ ఎప్పుడూ పెట్టకండి, రంధ్రం సైజు మారిపోతుంది.

మర్నాడు పొద్దున 5:40కి పానగల్ దాటాం. నేను నడిపితే 10 సెకన్లు. ఇంకోసారి, 10. సార్‌కు స్టీరింగ్ ఇచ్చాను. మూడో గేరు, అరవై. ‘సార్, మెల్లగా, పూర్తిగా తొక్కండి’ అన్నాను. పెడల్ సగం దాటింది. ముక్కు లేచింది. చప్పుడు మారింది. సార్ భయపడి కాలు తీసేశాడు. మళ్లీ తొక్కాడు. ఉదయ సముద్రం కట్ట వైపు నుంచి అప్పుడే వెలుగు వస్తోంది. ఆ బండి అట్లా పోతుంటే ఆయన కాలు పెడల్ మీద ఉండటం అదే మొదటిసారి. నార్కట్‌పల్లి దాకా మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

నా పనిలో మారినవి

జాబ్‌కార్డు కొత్తగా ప్రింట్ చేయించాను. కంప్లైంట్ కింద రెండు గీతలు ఎక్కువ పెట్టాను: ‘ముందు ఎట్లా ఉండేది’, ‘ఎప్పటి నుంచి’. యజమాని మాట యజమాని మాటగానే రాయమని పిల్లగాళ్లకు చెప్పాను. ‘నూకుడు లేదు’ అంటే నూకుడు లేదు అనే రాయాలి, ‘పికప్ తక్కువ’ అని కాదు. మన భాషలోకి మార్చేటప్పుడు సగం సమాచారం పోతుంది.

జ్ఞాపకం అంకెల దగ్గర తప్పవచ్చు. సార్ వాళ్ల నాన్న 150లో పోయేవాడని ఆయన ఇప్పటికీ అంటాడు, నేను ఒప్పుకోను. కానీ ఒంటికి తగిలిన జ్ఞాపకం, చెవికి తగిలిన జ్ఞాపకం చాలావరకు నిలుస్తాయి. వెనక్కి పడటం, గొంతు మారడం, వాసన, వణుకు చెప్తే వాటిని పరీక్ష రిపోర్టులాగే తీసుకుంటున్నాను. ఆ జ్ఞాపకం ఏ సీటులో కూర్చున్నప్పటిదో కూడా అడుగుతున్నాను. సార్ జ్ఞాపకాలన్నీ వెనక సీటువి, డ్రైవర్ సీటువి ఒక్కటీ లేవు అన్నదే నాకు దారి చూపింది.

ఇంకొకటి, నిలవ ఉన్న బండి వస్తే అన్నీ నిలవ వల్లనే అని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. నిలవకు ముందు చివరి ఐదేళ్లలో ఎవరు ఏం చేశారో అడుగుతున్నాను.

లెక్క కాగితం గురించి సార్‌కు సారీ చెప్పాను. ఆయన జేబులోంచి ఆ కాగితమే తీసి, వెనక వైపు 19, 16, 10 అని రాసి పెట్టుకున్నది చూపించాడు.

ఆరు నెలల తర్వాత

బండి 2,300 కిలోమీటర్లు తిరిగింది. మైలేజ్ లీటరుకు ఎనిమిదిన్నర. ప్లగ్గులు ఇటుక రంగులో ఉన్నాయి, కంప్రెషన్ మారలేదు. డయాఫ్రమ్ అప్పటిదే, పాతదే కాబట్టి ఏడాదికోసారి చూడాలని కార్డు మీద రాశాను. ఇంకో అంబాసిడర్ కార్బురేటర్ కోసం చెప్పి పెట్టాను.

దసరాకు చెల్లె వచ్చింది. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనకే కూర్చుందట. సార్ ఫోన్‌లో ఒక రికార్డింగ్ పంపాడు. చాలాసేపు గాలి, గేరు దించిన చప్పుడు, ఆ తర్వాత గ్ర్‌ర్ అని. దాని మీద ఇద్దరి నవ్వు. సూర్యాపేట మేస్త్రీకి అదే పంపాను.

రాగి తీగ, పసుపు స్లీవ్‌తో సహా, గ్లోవ్‌బాక్సులో పాత ఫిల్మ్ రీలు డబ్బాలో ఉంది. సార్ ఆ మెలికను విప్పి సాపు చేయలేదు. మూడు చుట్లు అట్లాగే ఉన్నాయి.